రాయి ఇసుకవుతుందనుకున్నాను

పుదుచ్చేరి బీచి రోడ్డు పక్కన పోసిన నల్లబండల్ని చూపించి చాలామందికి ఒక మాట చెప్పాను: "ఇవి ఊరిని కాపాడతాయి. అలలు కొట్టీ కొట్టీ ఇవే ఇసుకై బీచిని తిరిగి తెస్తాయి." చదువుకున్నవాణ్ణని నమ్మారు. ఇంకా రాళ్ళు పొయ్యమని రాసిన అర్జీ మీద సంతకమూ పెట్టాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రాయి అరగదని కాదు. ఎక్కడ అరుగుతుందో, ఎంత కాలానికో నాకు పట్టలేదు. కొండరాయి ఎండకూ చెట్ల వేళ్ళకూ పగులుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు ఆ పగుళ్ళలోకి దిగి ఫెల్‌స్పార్‌ను మెల్లగా బంకమట్టి చేస్తుంది. దాన్ని అంటుకొని ఉన్న పలుగు రేణువులు మాత్రం కరగవు, విడివడి ఏట్లో పడతాయి. అదే ఇసుక. వేల ఏళ్ళ పని, అదీ సముద్రానికి ఎంతో దూరాన. నెల్లూరు పెన్నా, పుదుచ్చేరికి దక్షిణాన సముద్రంలో కలిసే దక్షిణ పినాకినీ నంది కొండల ప్రాంతంలోనే పుట్టాయి. అంత దూరం నుంచి రావలసిన ఇసుకలో కొంత దక్షిణ పినాకిని మీది సాత్తనూరు లాంటి ఆనకట్టల వెనకే ఆగిపోతుంది.

ఏరు తెచ్చిన ఇసుకను ఒడ్డు వెంట నడిపేవి అలలు. ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల వేళ కొంత వెనక్కి. 1980ల చివర్లో అరియాంకుప్పం ఏటి మొగ దగ్గర హార్బర్ కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. ఇసుక వాటికి దక్షిణాన పోగుపడింది. ఉత్తరాన ఊరి ముందున్నది కొట్టుకుపోయింది, కొత్తది రాలేదు. అప్పుడు బండలు పోశారు. బండలకు కొట్టుకొని మళ్ళే అల గట్టు పాదం కింది ఇసుకనూ లాక్కుపోతుంది. గట్టు ఆగినచోట కోత ఉత్తరానికి జరుగుతుంది. కురుచికుప్పం, వైత్తికుప్పం జాలర్లకు పడవలు ఒడ్డుకు లాగే చోటే కరువైంది.

"పడవ ఎక్కడ పెట్టుకోమంటారు?" అని వాళ్ళలో ఒకాయన అడిగితే, ముందు ఊరు నిలవాలి కదా అన్నాను. ఆయన ఉండేదీ ఊళ్ళోనే. నా తెలివితక్కువతనంలో క్షమించరానిది ఈ మాటే.

2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, పుదుచ్చేరి సచివాలయం ఎదుట నీళ్ళలో ఉక్కు గట్టును దించింది. అలల జోరు తగ్గి దాని వెనక ఇసుక మేట వేసింది. నేను చెప్పిన బండల్లో ఒక్కటీ ఇసుక కాలేదు.

ఆంధ్రలోని ఉప్పాడలోనూ తీరం కోసుకుపోతోంది. అక్కడ రాళ్ళు పొయ్యమని అర్జీ మీ ముందుకొస్తే, సంతకం పెట్టే ముందు అడగండి: ఇక్కడికి రావలసిన ఇసుకను ఎక్కడ ఆపారు?