లెక్కల వారికి లెక్కలేనన్ని దండాలు

గణిత మహాజనులారా! బడి అయ్యవార్లు, యూనివర్సిటీ ఆచార్యులు, కోచింగు యజమానులు, ఒకరని కాదు, మీ అందరికీ మా అనంతగిరి మండలం నుంచి సాష్టాంగ నమస్కారం. లెక్కలకు కులం లేదు, మతం లేదు, ఆడా మగా తేడా లేదు అని మీరు ప్రతి సభలోనూ చెబుతారు. అక్షరాలా నిజం. లెక్కలకు ఏ తేడాలూ లేవు. వాటిని నిలబెట్టే శ్రమంతా పాపం మీరే పడుతున్నారు.

మీ తలుపులు ఎంత విశాలమైనవో మా పిల్లలకు పదో తరగతి కాగానే తెలుస్తుంది. కోదాడలోనో సూర్యాపేటలోనో ఎంపీసీలో చేరతారు. మొదటి పరీక్షకే మీరు వాళ్లను జల్లెడ పట్టి స్టార్ బ్యాచిని ఒక గదిలో, చివరి సెక్షన్‌ను ఇంకో గదిలో కూర్చోబెడతారు. మంచి లెక్చరరును లెక్కలు వచ్చినవాళ్లకే పంపిస్తారు. రానివాళ్లకు నేర్పితే నొచ్చుకుంటారేమోనని మీ భయం. ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్న ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. అందులో 80 లెక్కలవే. ఆలోచించే దురలవాటు పిల్లలకు అంటకుండా ఇంత జాగ్రత్తపడిన పెద్దలు మరెక్కడా ఉండరు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల లేచి ‘అర్థం కాలేదు సార్’ అంటే, ‘ఇది కూడా తెలీదా?’ అని ముద్దుగా అడుగుతారు. ఆ ఒక్క మాటతో రెండేళ్లకు సరిపడా సందేహాలు తీరిపోతాయి. ఆ పిల్ల మళ్లీ లేవదు.

ఇక ఆడపిల్లల మీద మీ వాత్సల్యం చెప్పనలవి కాదు. ‘ఎంపీసీ నీకెందుకు తల్లీ, బైపీసీ తీసుకో’ అంటారు. ఏటా ఇంటర్ ఫలితాల రోజున పత్రికలు ‘బాలికలదే పైచేయి’ అని రాస్తూనే ఉంటాయి, మీరు చలించరు. స్థితప్రజ్ఞులంటే మీరే. 2010 ఆగస్టులో ప్రపంచ గణితవేత్తల మహాసభ మన హైదరాబాదుకే వచ్చింది. 17, 18 తేదీల్లో మహిళా గణితవేత్తలు విడిగా సమావేశమయ్యారు. 19న రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ చేతుల మీదుగా నాలుగు ఫీల్డ్స్ పతకాలు నలుగురు మగవాళ్లకు అందాయి. 1936 నుంచి అప్పటిదాకా ఇచ్చిన 52 పతకాల్లో ఆడవాళ్లకు ఒక్కటీ లేదు. ఇచ్చిన చెయ్యి ఆడదే కదా, ఇంకేం కావాలట! ఆ సభలోనే, మన పాత లెక్కల గ్రంథానికి పేరైన లీలావతి పేరిట కొత్త బహుమతి పెట్టి, దాన్ని సైమన్ సింగ్ అనే రచయితకు ఇచ్చారు. ఆయన అర్హతతో నాకు పేచీ లేదు. పేరు ఆమెది, బహుమతి ఆయనది. ఇంతకంటే సమానంగా ఎవరు పంచుతారు? ఆ తర్వాత 2014లో మరియం మీర్జాఖానీ, 2022లో మరీనా వియాజోవ్‌స్కా వచ్చి మీ నిండు సున్నాను పాడుచేశారు. కంగారు పడకండి, 2022 దాకా ఇచ్చిన 64లో రెండే.

చూపు లేనివారినీ మీరు మరవలేదు. కడప జిల్లా కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ పుట్టుకతోనే అంధుడు. బడి చదువు ఆయనకు అందలేదు. అక్క పైకి చదువుతుంటే విని, గణితావధానిగా ఊరూరా సభలు మెప్పించాడు. చప్పట్లు కొట్టడానికి మీరు తప్పకుండా వచ్చారు. చదువు చెప్పే ఖర్చు అక్క మీద వేసి, గర్వపడే బాధ్యత మీరు తీసుకున్నారు.

అయితే మీ అసలు ఘనత చూడాలంటే మా వైపు పొలాలకు రావాలి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలితే నాట్లు మొదలవుతాయి. గుత్త పట్టిన ముఠాకు ఒక పెద్దక్క ఉంటుంది. మూడెకరాల పది గుంటలకు ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని, మధ్యాహ్నం వచ్చినవాళ్లకు సగం కూలి పట్టి, ముందు తీసుకున్న అడ్వాన్సు తీసేసి, గట్టు మీద నిలబడి నోటితోనే పంచేస్తుంది. నలభై గుంటల ఎకరంలో పది గుంటలంటే పావు అని ఆమెకు ఎవరూ బోర్డు మీద రాసి చూపలేదు. పైసా తేడా రాదు. ‘లెక్కలు బాగా వచ్చు కదక్కా’ అనండి. ‘నాకేం లెక్కలొస్తయి బిడ్డా, లెక్కల్లనే తప్పిన’ అంటుంది.

ఇదీ మీ దిగ్విజయం! రోజూ భిన్నాలు పంచి బతికే మనిషి చేత తనకు లెక్కలు రావని ఒప్పించారు. గెంటేస్తే గొడవ చేసేది. గెంటకుండానే ఆమె గడప అవతల నిలబడి, మీవైపు తిరిగి దండం పెడుతోంది. కూతురికి కూడా అదే నేర్పుతోంది. మీకు ఆ పని కూడా తప్పింది.

కనుక పెద్దలారా, ఒక్క విన్నపం. డిసెంబరు 22న గణిత దినోత్సవం నాడు రామానుజన్ పటానికి దండ వేస్తారు కదా, వేయండి. ఆయన కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడనీ, మద్రాసులో ఎఫ్.ఏ. తప్పాడనీ మాత్రం చివరి సెక్షన్ పిల్లల చెవిన పడనివ్వకండి. వాళ్లు ముందు బెంచీల్లోకి వచ్చి కూర్చుంటామంటే స్టార్ బ్యాచి పిల్లలకు ఇరుకవుతుంది.