బావగారి ఆల్బం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఉద్యోగ విరమణానంతరం బావగారు తాము రాసి, తామే బాణీ కట్టుకున్న పాటలతో ఆల్బం చేయ సంకల్పించగా, స్టూడియోకు తోడు వెళ్లిన బామ్మర్ది చెప్పిన పద్యమిది.

పింఛనొచ్చినాక పెట్టెలో పాటలు
బయటపెట్టినారు బావగారు
మైకుముందు నిలిచి మైమరపున పాడ
తాళమొకటె యింటిదారి పట్టె

ప్రతిపదార్థం:
పింఛనొచ్చినాక = జీతమంతా ఇంటద్దెకు, పిల్లల ఫీజులకు చెల్లిపోయిన పిమ్మట;
పెట్టెలో పాటలు = పాత డైరీలలోను, శుభలేఖల వెనుకను రాసి ట్రంకుపెట్టెలో దాచిన గీతాలను;
బయటపెట్టినారు = లోకానికి వెల్లడించినారు (ఎవరూ అడగకుండానే అని భావం);
బావగారు = అక్కగారి భర్త, అనగా కాదనడానికి వీలులేని చుట్టం;
మైకుముందు నిలిచి = ఫ్యాను చప్పుడు సైతం రికార్డవుతుంది గనుక దానిని ఆపించి (చెమటలు కారగా అని అధ్యాహారం);
మైమరపున పాడ = హెడ్‌ఫోన్‌లో టిక్కుటిక్కుమనే క్లిక్‌ను సైతం మరచి పాడగా;
తాళమొకటె = శ్రుతీ సాహిత్యమూ నిలిచియుండగా తాళం మాత్రమే;
ఇంటిదారి పట్టె = చెప్పకుండా వెళ్లిపోయింది.

తాత్పర్యం: బావగారు పాడారు. బాగానే పాడారు. లయ మాత్రం నిలవలేదు.

పాఠాంతరం: ‘తాళమొకటె’ అన్నచోట అక్కగారి ప్రతిలో ‘శ్రోతలంత’ అని ఉన్నది. యతి చెడుతుంది గనుక గ్రాహ్యం కాదు. అర్థం చెడదు కదా అని అక్కగారి వాదం.

ఛందోలంకారాలు: ఆటవెలది. తాళం తప్పినది పాటలోనే గాని పద్యంలో కాదని గ్రహించాలి. అలంకారం అతిశయోక్తి అని బావగారు, స్వభావోక్తి అని తక్కిన బంధువులు.

విశేషాలు:
ఇతనిని వాగ్గేయకారుడనవచ్చునా అని శంక. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో మాటను మాతువనీ, బాణీని ధాతువనీ చెప్పి, రెండూ చేయువాడే వాగ్గేయకారుడన్నాడు. పరుల బాణీకి మాటలు కూర్చువాడు కుట్టికారుడు. మూడో పాటలో పాత సినిమాపాట ఛాయ ఉన్నది గనుక బావగారు కుట్టికారులే అని కీబోర్డు కుర్రాడి పూర్వపక్షం. సమాధానం: ఆ పాట మోహన రాగం. ఉన్నవి అయిదే స్వరాలు. ఆ అయిదింటి మధ్య తిరిగేవారు ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదు. కాబట్టి బావగారు వాగ్గేయకారులే.

ముద్ర విషయం. క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు, త్యాగయ్యకు తన పేరే. బావగారు ప్రతి పాట చివర పెద్ద మనవరాలి పేరు పెట్టినారు. చిన్నదాని మాటేమిటని కోడలు ఆక్షేపించింది. రెండో ఆల్బం తథ్యమని పెద్దల ఊహ.

శ్రుతి దిద్దే ఆటోట్యూన్‌ను బావగారు ఒప్పుకోలేదు. విజయవాడ ఆకాశవాణిలో ‘ఈ మాసపు పాట’ వింటూ నేర్చిన గొంతు యంత్రం పాలు కారాదన్నారు. అప్పుడు కీబోర్డు కుర్రాడే క్లిక్ తీసేసి, ఆయన నడకకు తగ్గట్టు తబలా వాయింపించాడు. వెళ్లిన తాళం తబలా వెంట తిరిగివచ్చింది. పూర్వపక్షం చేసినవాడే సిద్ధాంతానికి తోడ్పడడం ఇక్కడి చమత్కారం.

కాపీరైట్: 1957 నాటి చట్టం ప్రకారం పాటపై హక్కు రచయిత జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ ఉంటుంది. దానిని భంగపరచడానికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు.

వినేవారు లేనిచో ఈ ఖర్చెందుకని చివరి శంక. అన్నమయ్య సంకీర్తనలను తాళ్లపాకవారు రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరిచారు. అవి మళ్లీ వెలుగు చూసినది 1922 ప్రాంతంలో. చెక్కించిన నాడు శ్రోతల లెక్క ఎవరూ అడగలేదు. బావగారి తల్లి పాడిన మంగళహారతులు ఎవరూ రికార్డు చేయనందున ఈనాడు ఒక్కటీ లేదు. ఆ లోటు ఎరిగినవారు గనుకనే బావగారు పెన్‌డ్రైవులు కొని ఇంటింటికీ పంచినారు. ఇది కీర్తికాంక్ష కాదు, జాగ్రత్త అని టీకాకారుని నిర్ణయం.

ఫలశ్రుతి: ఇట్టి పాట మీ వాట్సాప్‌నకు వచ్చినచో, వినకుండా బొటనవేలి బొమ్మ పంపరాదు. చివరి చరణం దాకా విని, ఏది నచ్చిందో ఫోన్ చేసి చెప్పండి. నచ్చనిది కూడా చెప్పవచ్చు. రెండో ఆల్బంలో దిద్దుకుంటారు.