సరిహద్దు రావుగారి పద్దు

ఢిల్లీ ద్వారకలో తెలుగువాళ్లున్న హౌసింగ్ సొసైటీల్లో ఒక సరిహద్దు రావుగారు తప్పకుండా తగులుతారు. రిటైర్మెంటు వయసు, చంకలో డైరీ, ఎవరి చేతిలో సంచీ కనిపించినా "ఎంత పడింది?" అన్న ప్రశ్న. జవాబు ఏదైనా సరే, "అయ్యో, కాపస్‌హెడా బోర్డర్ దాటి ఉంటే ఇంకా తక్కువకొచ్చేది కదండీ!" ఉండేది ఢిల్లీలో, ధ్యాసంతా సరిహద్దు అవతల, హర్యానాలోని గురుగ్రామ్ ధరల మీద. ఈయన్ని పిసినారి అంటారు గానీ అది అన్యాయం. పిసినారికి రూపాయి మిగలాలి. రావుగారికి గెలిచామన్న తృప్తి మిగిలితే చాలు. దానికోసం ఎంత ఖర్చుకైనా వెనకాడరు.

పెట్రోలు సంగతే చూడండి. 2021 నవంబరులో ఢిల్లీలో లీటరు 104 రూపాయలకు దగ్గరగా ఉంటే, గురుగ్రామ్‌లో దాదాపు 8 రూపాయలు తక్కువ. అప్పుడాయన కారు సరిహద్దు దాటిందంటే అర్థముంది. డిసెంబరు 1న ఢిల్లీ ప్రభుత్వం వ్యాట్‌ను 30 శాతం నుంచి 19.40 శాతానికి దించేసరికి లెక్క తిరగబడి ఢిల్లీ పెట్రోలే కాస్త చవకైంది. లెక్కే ప్రాణమైతే ప్రయాణం ఆ రోజుతో ఆగాలి. ఆగలేదు. "అక్కడ కొలత నిక్కచ్చిగా ఉంటుంది" అన్న కొత్త కారణం పుట్టింది. ప్యాకెట్ పాలకు అటూ ఇటూ ఒకటే ధర కావడం మాత్రం ఆయన దృష్టిలో ఫెడరల్ వ్యవస్థకే అవమానం.

తేడాలు పెట్టింది ప్రభుత్వాలు, వాడుకుంటే తప్పేమిటని అడగవచ్చు. తప్పు లేదు. ఢిల్లీలో నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. 400 దాకా సగం రాయితీ, గరిష్ఠంగా 800 రూపాయలు. 401వ యూనిట్ తిరిగిందా, ఆ 800 గోవిందా. హర్యానాలో ఈ ఏర్పాటు లేదు. చాలీచాలని జీతంతో అద్దెకుండే కుటుంబానికి ఈ రాయితీ నెలాఖరు సరుకుల డబ్బు. కాబట్టి బిల్లు నెల ముగింపు దగ్గర పడగానే రావుగారు టార్చి వేసి మీటరు చూసి, ఆ నెల వాడకం 391కి చేరగానే "ఏసీ కట్టెయ్యండి!" అని కింద నుంచే కేకెయ్యడం శుద్ధ వివేకం. చిక్కంతా ఆ తరవాతే. అలా నిలబెట్టిన 800తో ఆదివారం చవక బెండకాయల కోసం సరిహద్దు దాటి, ట్రాఫిక్‌లో అలిసి, మాల్‌లో భోంచేసి వస్తారు. బెండకాయల మీద మిగిలింది డైరీలో పైసలతో సహా ఎక్కుతుంది. భోజనం "ఇతరములు" కిందికి పోతుంది. అడుగున మొత్తం మాత్రం ఎన్నడూ వెయ్యరు. వేస్తే రెండే దారులు: గురుగ్రామ్‌కు మారిపోవడం, లేదా నోరు మూసుకోవడం. మారితే అక్కడి టవర్ల మెయింటెనెన్సూ, జనరేటరు చార్జీలూ మీద పడతాయి. నోరు మూసుకోవడమంటారా, అది అంతకన్నా ఖరీదు.

పోనీ, ఎవరికీ నష్టం లేదు కదా అంటే, ముందు సీట్లో ఆదివారాలు హారతి కర్పూరమైపోయిన వాళ్లావిడను అడగాలి. అయినా ఈయన వల్ల ఊరికి లాభం లేకపోలేదు. రెండు ప్రభుత్వాల ఉత్తర్వులూ చదివే ఓటరు ఇంకెవరున్నారు? 2022 అక్టోబరు నుంచి కరెంటు రాయితీ అడిగినవాళ్లకే అన్నప్పుడు, గడప గడపకూ వెళ్లి ఫారాలు నింపించింది ఇలాంటి రావుగార్లే. వాళ్ల చలవతో ఇరుగుపొరుగుకు మిగిలిన సొమ్ము వాళ్లు కాపస్‌హెడా దాటి మిగిల్చినదానికి ఎన్నో రెట్లు. ఆ ఒక్క పద్దూ డైరీలో కనబడదు. హర్యానాతో పోల్చడానికి అందులో ఏమీ లేదు మరి!