నాలుగెనిమిదుల మామ

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట మొదలు మైపాడు దాకా ఏ ఊళ్లోనైనా ఇంట్లో నెట్ ఆగిపోతే ముందు ఫోన్ వెళ్లేది కంపెనీకి కాదు, మామకి. కంపెనీకి చేస్తే ఒకటి నొక్కమంటారు, రెండు నొక్కమంటారు, చివరికి మన ఓపికని మెచ్చుకుని పెట్టేస్తారు. మామకి చేస్తే సగం మాట వినగానే చెప్పులేసుకుంటాడు. మిగతా సగం వినడు. వినాల్సిన పని లేదు, సంగతేమిటో ఆయనకి ముందే తెలుసు.

“డీఎన్ఎస్ పోయుంటాది.”

ఇలాంటి మామ ఒక్కడని కాదు, ఊరికొకడున్నాడు. ఒకాయన ఒకప్పుడు మిద్దెల మీద డిష్‌లు తిప్పినవాడు. ఇంకొకాయన ఎస్టీడీ బూత్ నడిపి, సెల్‌ఫోన్లొచ్చాక దాన్ని రీఛార్జి కొట్టుగానూ, ఆ తరవాత జిరాక్సు కొట్టుగానూ మార్చినవాడు. వేరొకాయన రొయ్యల మేత కంపెనీలో చేసి మానేసినవాడు. వయసులు వేరు, చదువులు వేరు, మంత్రం మాత్రం ఒక్కటే: ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది చుక్క ఎనిమిది. అందుకే ఆ జాతి మొత్తానికీ నాలుగెనిమిదుల మామ అనే పేరు స్థిరపడింది.

మామలు ఫైబర్‌తో పాటే పుట్టారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ నడిచొచ్చింది. ప్రైవేటువాళ్లూ వచ్చారు. ఇంటింటికీ ఒక పెట్టె, పెట్టెకి నాలుగైదు లైట్లు. ఆ లైట్లకి అర్థం చెప్పే మనిషి ఊరికి కావాల్సొచ్చాడు.

అయితే మామ గొప్పవాడైంది మాత్రం ఒకే ఒక్క రోజున. ఆ రోజు లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి, సైట్లు మాత్రం ఒక్కటీ తెరుచుకోవు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టే కంపెనీ కంప్యూటర్ పడకేసింది. ఎక్కడో విన్న నాలుగెనిమిదుల్ని మామ రౌటర్లో కొట్టాడు. చూస్తుండగానే వీధి వీధంతా యూట్యూబ్ మోగింది. ఆ గెలుపే మామని చెడగొట్టింది.

ఇంతకీ ఆ నాలుగెనిమిదులు చేసే పనేమిటి? కంప్యూటర్లకి పేర్లు పట్టవు, నంబర్లే కావాలి. మా ఊళ్లకి కొత్తగా వచ్చిన మనిషి టీకొట్టు దగ్గర ఆగి “ఎర్రబ్బాయి ఇల్లు యాడ?” అని అడుగుతాడు. టీకొట్టాయనకి తెలిస్తే తనే చెబుతాడు. తెలియకపోతే రేషన్ డీలర్ని అడుగుతాడు, ఆయన పంచాయతీ ఆఫీసులో కనుక్కుంటాడు. చివరికి డోరు నంబరు తేలుతుంది. ఆ జవాబుని టీకొట్టాయన కొంతకాలం గుర్తుంచుకుంటాడు కాబట్టి తరవాత వచ్చినవాడికి టక్కున చెప్పేస్తాడు. ఈలోగా ఎర్రబ్బాయి ఇల్లు మారాడా, అంతే నమ్మకంగా పాత ఇంటికి పంపుతాడు. డీఎన్ఎస్ అంటే ఇదే. పాల్ మోకపెట్రిస్ అనే ఆయన 1983లో దీన్ని రూపొందించాడు. అంతకు ముందు కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం నెట్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో రాసి పెడితే, అందరూ దాన్నే కాపీ చేసుకునేవాళ్లు. 2009 డిసెంబర్‌లో గూగుల్ కూడా సొంతంగా ఒక టీకొట్టు తెరిచి, ఎవరికైనా గుర్తుండేలా 8.8.8.8 అని బోర్డు కట్టింది. మన కొట్టుని వదిలేసి ఆ కొట్టులో అడగమనడమే మామ చేసే పనల్లా.

టీకొట్టాయనకి జ్వరమొచ్చిన రోజున అది మంచి సలహానే. రోడ్డే తెగిపోయిన రోజున ఏ కొట్టులో దారి అడిగితే ఏం లాభం? మా తీరంలో తరచుగా తెగేది రోడ్డే. ఐస్ లారీ తగిలి తీగ తెగుతుంది. వరిగడ్డి ట్రాక్టరు లాక్కుపోతుంది. ఉప్పుగాలికి ఇనుప క్లాంపులు తుప్పు పట్టి ఊడతాయి. 2021 నవంబర్ వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, ఇంక స్తంభం మీది తీగ ఏపాటిది? ఆ వరదలోనూ మామ పంచె ఎగ్గట్టుకుని వచ్చి, కరెంటు వచ్చిన కాసేపట్లోనే నాలుగెనిమిదులు కొట్టి వెళ్లాడు.

పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసున్న చోట ఎర్రలైటు కొట్టుకుంటోందంటే ఫైబర్లోంచి వెలుతురు రావడం లేదని అర్థం. సెట్టింగుల్లో ఏ నంబరు మార్చినా అది ఆరదు. మామ సరిగ్గా ఆ లైటుకి ఎదురుగానే కుర్చీ వేయించుకుంటాడు.

“ఆ ఎర్రలైటేంది మామా?”

“అది దిష్టికిలే అబ్బయా. నువ్వు పాస్‌వర్డ్ చెప్పు.”

మామ జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు ఉంటుంది. డీఎన్ఎస్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు కానీ, అది లేకుండా వస్తే ఎవరూ కాఫీ ఇవ్వరు. రీసెట్ కన్నంలో గుచ్చడానికి పిన్నీసు మాత్రం ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. దాన్ని కాస్త ఎక్కువసేపు నొక్కితే కంపెనీ పెట్టిన యూజర్ నేమ్ కూడా చెరిగిపోయి, అప్పటిదాకా కుంటుతున్న నెట్ పూర్తిగా కూలబడుతుంది. “చూసినావా, లోపల ఎంత ముదిరిపోయుండాదో!” అంటాడు మామ. ఫీజేమీ పుచ్చుకోడు. చేపల పులుసుంటే చాలు. నెల్లూరు చేపల పులుసు మర్నాటికే రుచి కాబట్టి మామ రిపేరు కూడా మర్నాటి దాకా సాగుతుంది.

కొత్త నంబర్లంటే ఆయనకి గిట్టదు. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 1.1.1.1 అని ఇంకోటి తెచ్చిందని ఒక కుర్రాడు చెబితే, ఎప్పుడు తెచ్చిందని అడిగాడు. 2018 ఏప్రిల్ 1న అన్నాడా అబ్బాయి.

“ఏప్రిల్ ఒకటో తేదీ ఇచ్చిన నంబరు నమ్మమంటావా? సరే, ఒకటి పెద్దదా, ఎనిమిది పెద్దదా, నువ్వే చెప్పు.”

ఆండ్రాయిడ్ తొమ్మిదో వెర్షన్‌తో ఫోన్లలోకి ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సదుపాయం వచ్చింది. మామకి అది పరీక్ష పెట్టింది. అక్కడ నంబరు పట్టదు, సర్వర్ పేరే రాయాలి. మామకేమో నంబర్లే తప్ప పేర్లు రావు. గూగుల్‌కి ఒక ఓ తక్కువ రాశాడు. ఆ ఫోన్లో వైఫై మీదా నెట్ లేదు, సిమ్ మీదా లేదు. పాపం ఆ ఇంటివాళ్లు సిమ్ మార్చారు, టవర్‌ని తిట్టారు, చివరికి మామనే మళ్లీ పిలిచారు.

మామ జీవితంలో మహత్తర ఘట్టం 2021 అక్టోబర్ 4. రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ ప్రపంచమంతా ఒక్కసారే ఆగిపోయాయి. ఫేస్‌బుక్ వాళ్లు తమ నెట్‌వర్క్‌లో చేసిన ఒక మార్పు బెడిసికొట్టి, వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లకి వెళ్లే దారులే నెట్ మీంచి మాయమయ్యాయి. గూగుల్ కొట్టులో అడిగినా, మన కొట్టులో అడిగినా జవాబు దొరకని రాత్రి అది. రొయ్యల కౌంట్ రేట్లు రాక రైతులు, దుబాయ్ నుంచి ఫోన్ రాక ఇల్లాళ్లు మామ వాకిట్లో చేరారు. మామ ఇల్లిల్లూ తిరిగి ఫోన్ ఫోన్‌లోనూ నాలుగెనిమిదులు కొట్టి, “తెల్లారే లోపల పడతాది” అని చెప్పి పడుకున్నాడు. తెల్లవారుజామున మూడు దాటాక అమెరికాలో ఇంజనీర్లు సరిచేశారు. వేటకి బయల్దేరుతున్న వాళ్ల ఫోన్లు ఒక్కసారిగా టింగుటింగుమన్నాయి. “మామ చెప్పినట్టే పడిందిరో!” అని పడవలు పడవలకి చెప్పుకున్నాయి. మార్క్ జుకర్‌బర్గ్‌కి దక్కాల్సిన తిట్లు ఆయనకి దక్కాయి కానీ, ఆ ఇంజనీర్లకి దక్కాల్సిన పేరు మాత్రం మామ కొట్టేశాడు.

మామకి సింహస్వప్నం ఆయన మేనకోడలు. డిప్లొమా చదువుతోంది. ఇంటర్ రిజల్ట్స్ రోజున సైటు తెరుచుకోక ఊరు గగ్గోలు పెడుతుంటే ఆ పిల్ల హడావుడి పడలేదు. ముందు పెట్టె లైట్లు చూసింది. ఇంకో ఫోన్లో చూసింది. ఇంకో సైటు తెరిచింది, అది తెరుచుకుంది. తరవాత 8.8.8.8కే పింగ్ కొట్టి, తిరుగు జవాబు వస్తోందని చూసుకుంది. నంబరు పలికి పేరు పలకకపోతేనే తప్పు డీఎన్ఎస్‌ది. రిజల్ట్స్ సైటు పేరుని ఎన్ఎస్‌లుకప్‌లో పెడితే దానికీ నంబరు చక్కగా వచ్చింది. “పేరు దొరుకుతా ఉంది మామా. జనం ఎక్కువై సైటే నలిగిపోతుండాది. ఒక గంట ఆగితే సరి” అంది. మామ నాలుగెనిమిదుల్ని జవాబుగా వాడితే, ఆ పిల్ల ప్రశ్నగా వాడింది.

మామ టెస్టరు జేబులో సర్దుకున్నాడు. “ఇన్ని కనుక్కున్నాక చెప్పేదానికి నేనెందుకు? ఎవురైనా చెప్తారు” అన్నాడు.

అందులో అబద్ధమేమీ లేదు. ఒక్కొక్కటీ చూసి, ఇది కాదు, ఇది కాదు అని తోసేసుకుంటూ పోయేవాళ్లు చివరికి సరైన చోటికే చేరతారు. అంతదాకా ఇంట్లోవాళ్లకి మాత్రం దిక్కు తోచదు. మామ గుమ్మంలో అడుగు పెట్టగానే తేల్చేస్తాడు. నెట్ రాకపోయినా కంగారు తగ్గుతుంది. కంగారు తగ్గాక తీగ అతికేవాడు ఎప్పుడొచ్చినా ఒకటే.

మొన్న వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టింది. తెల్లవారుజామున ఒక రొయ్యల రైతు గుంట కట్ట మీంచి ఫోన్ చేశాడు.

“మామా, రొయ్య పైకి తేలుతుండాది. నాకు కాళ్లూ చేతులూ ఆడటంలా.”

“గుంటలో ఏరియేటర్లు ఎన్ని తిరుగుతుండాయి?”

“నాలుగు.”

“ఎనిమిది చెయ్యి.”

మబ్బు రోజుల్లో తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్లు పెంచమనే టెక్నీషియన్లూ చెబుతారు. రైతు పక్క గుంటవాడి దగ్గర అడిగి ఇంకో నాలుగు దింపాడు, రొయ్య నిలబడింది. ఇప్పుడా రైతు ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ఒకటే చెబుతున్నాడు: “డాక్టరు తరవాత సంగతి. ముందు మామనడుగు, ఎన్ని ఎనిమిదులు పెట్టాల్నో.”