జేబులో కరణం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

కొన్న పోనులోనఁ గూరుచున్న కరణ
మడుగు లెంచి చిట్ట యప్పగించు
చెప్పుమన్న దెవరు చేరి నా లెక్కలు?
వలదు వలదటన్న వదల డతడు!

అవతారిక

కవి పేరు తెలియదు. శంషాబాద్‌లో పుష్పకం దిగి, పెట్టె లాక్కుంటూ టర్మినల్ వైపు నడుస్తున్న ప్రయాణికుడని వ్యాఖ్యాత ఊహ. (పుష్పకమంటే రావణుడు కుబేరుడి దగ్గర లాక్కొన్నది కాదు, ఆర్టీసీ వారు టికెట్టు కొట్టి ఎక్కించుకొనేది.) నడుస్తుండగా ఫోను చిన్నగా వణికి, ఇవాళ్టి నడక ఇంకా చాలలేదని చెప్పింది. విమానం వేళకు అందుతుందో లేదో అని పరుగెడుతున్నవాడికి ఇంతకంటే కవితాహేతువు ఏం కావాలి?

ప్రతిపదార్థము

కొన్న = వాయిదాల మీదనైనా సరే, తన డబ్బుతోనే కొన్న; పోనులోనన్ = చరవాణి గర్భమునందు; కూరుచున్న = డబ్బా విప్పక ముందే ఆసీనుడైన; కరణము = ఆరోగ్యం లెక్కలు రాసే యాప్; అడుగులు = కాలు మార్చి కాలు వేసేవి (ముచ్చింతల్ రామానుజుల విగ్రహం 216 అడుగులు అన్నప్పటివి కావు); ఎంచి = లెక్కపెట్టి; చిట్ట = రోజువారీ పద్దు; అప్పగించున్ = ముఖాన పెట్టును; వలదు వలదు + అటన్నన్ = సెట్టింగుల్లో రెండు చోట్ల వద్దని నొక్కినా; వదలడు = భావం స్పష్టం.

తాత్పర్యము

నేను కొన్న ఫోనులో నేను పెట్టని లెక్కల మనిషి ఉన్నాడు. పొమ్మంటే పోడు.

వ్యాఖ్య

కరణము. శంషాబాద్ వైపు పట్వారీ అనాలి. గణం కుదరక కవి కరణాన్ని తెచ్చుకొన్నాడు. తేవడమూ మంచిదే అయింది. ఆ ఉద్యోగాలు వంశపారంపర్యం. రైతు ఎన్నుకొన్నది లేదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో వాటిని రద్దు చేసింది. సరిగ్గా ముప్పై ఏళ్ళకు, 2014లో, ఐఫోనులో హెల్త్ యాప్ పుట్టుకతోనే వచ్చింది. ఆండ్రాయిడ్‌లో హెల్త్ కనెక్ట్ 2023లో పద్నాలుగో అవతారంతో వ్యవస్థలోనే కలిసిపోయింది. ఊరి మీది కరణం పోయి ఒంటి మీది కరణం దిగాడన్నమాట.

అయితే జనానికి కరణం మీద కోపం కొలిచినందుకు కాదు. పొలానికి కొలత ఉండాల్సిందే. తన పొలం లెక్క తనకు అర్థంకాని రాతలో, తన చేతికందని దస్త్రంలో ఉండటమే బాధ. ఇక్కడా అంతే. నెలసరి లెక్కలు రాసే ఫ్లో అనే యాప్, గుట్టుగా ఉంచుతానని చెప్పి ఆ వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021లో రాజీ కుదిరింది. అది ఆడవాళ్ళు కోరి దించుకొన్న యాప్. కోరి తెచ్చుకొన్నవాడి సంగతే అలా ఉంటే, కోరకుండా వచ్చి కూర్చొన్నవాడి దస్త్రం గురించి అడగకుండా ఎలా? దీన్నే శాస్త్రులు కైముతిక న్యాయమంటారు.

ఎంచి. ఈ కరణానికి కళ్ళు లేవు. ఫోను కుదుపును బట్టి అడుగును ఊహిస్తాడు. జేబులో ఉంటే సరే. విమానాశ్రయంలో ఫోనును ట్రాలీ బుట్టలో పడేసి, ట్రాలీ తోసుకుంటూ ఎంత దూరం పోయినా, నున్నటి నేల మీద అతడికి మీరు కదలనట్టే. చేతి గడియారం కరణమూ అంతే: ట్రాలీ పిడి పట్టుకొన్న చెయ్యి ఊగదు కనుక, కాళ్ళు పడిన కష్టంలో చాలాభాగం పద్దుకు ఎక్కదు.

ఇక పదివేల అడుగుల ప్రమాణం ఏ వేదంలోది? 1965లో జపానులో అమ్మకానికి పెట్టిన ఒక అడుగుల మీటరు పేరులోది. ‘మాంపోకేయ్’ అంటే పదివేల అడుగుల మీటరనే అర్థం. వైద్యులు కట్టిన లెక్క కాదు, వర్తకులు కట్టిన పేరు. 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం వయసు మళ్ళిన స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు తక్కువని తేలింది. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. తక్కిన రెండున్నర వేలూ సంప్రదాయ గౌరవం కోసం నడవాలి.

చెప్పుమన్న దెవరు. మెదక్ వైపు కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాట ఇచ్చి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. ఫోను మొదటి మాట సగం నిలబెట్టుకొంటుంది. రెండోదాని జోలికే పోదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, ‘డల్లాస్‌లో ఉన్న కూతురి మాటేమిటి?’ అంటాడు. నిజమే. యాప్ దించుకోవడం చేతకాని, షుగరున్న తండ్రి నడుస్తున్నాడో లేదో అక్కడినుంచే చూసుకొనే వీలు ఆ పిల్లకు ఫోనుతోపాటే పుట్టిన యాప్ వల్లే దక్కింది. ‘నాన్నా, ఇవాళ గడప దాటలేదేంటి?’ అని ఆవిడ ఫోను చేస్తుంది. ఆయన ఫోను చార్జింగుకు పెట్టి శంషాబాద్ బజారంతా తిరిగొచ్చాడు. ‘తిరిగానమ్మా’ అంటే నమ్మదు. కరణం రాయలేదు కదా! అయినా ఈ వంకతో తండ్రీకూతుళ్ళు రోజూ మాట్లాడుకొంటున్నారు కనుక పూర్వపక్షాన్ని పూర్తిగా కొట్టివేయలేం.

అధికారి, అంటే ఈ లెక్కకు తగినవాడు, ఎవరన్నది శాస్త్రంలో ముందు తేల్చాల్సిన ప్రశ్న. పార్కింగులో చెల్లాచెదురైన ట్రాలీలను గొలుసుకట్టుగా తోసుకొచ్చే మనిషికి నడవమని చెప్పేదేముంది? పూటంతా నిలబడే గార్డుకు, లేచి కాసేపు నిలబడమనే హెచ్చరిక వస్తే అది హాస్యరసమా, బీభత్సమా? కుర్చీ ఉద్యోగికి అవసరం, అతడే చూడడు. కాబట్టి సిద్ధాంతం: యాప్ ఫోనులో ఉండొచ్చు, నిద్రలో ఉండాలి. లేపే హక్కూ వెళ్ళగొట్టే హక్కూ కొన్నవాడివి. కొన్ని ఫోనుల్లో ఇలాంటివాటిని ఆపవచ్చు గాని తీసేయలేం. సెలవు మీద పంపవచ్చు, ఉద్యోగం మాత్రం ఊడదు.

వలదటన్న వదల డతడు. ఇది అతిశయోక్తి అనేవారు 2020 మే 25ను గుర్తు చేసుకోవాలి. లాక్‌డౌన్ తర్వాత దేశంలో విమానాలు మళ్ళీ ఎగిరిన రోజది. ఏప్రిల్‌లో వచ్చిన కోవిడ్ యాప్ ఆరోగ్యసేతు ఫోనులో ఉండితీరాలని, 14 ఏళ్ళ లోపు పిల్లలకే మినహాయింపని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మార్గదర్శకాలు చెప్పాయి. తలుపు దగ్గర మనిషి ముఖం కంటే ఫోను ముఖంలోని పచ్చరంగుకే విలువ. ప్రయాణానికి అది తప్పనిసరి కాదని జూన్‌లో కేంద్రం కర్ణాటక హైకోర్టుకు చెప్పింది. అప్పటికే దాన్ని దించుకొని ఎక్కినవారు ఎక్కారు, దిగినవారు దిగారు.

పాఠాంతరము

నాలుగో పాదాన్ని ‘అవును అవునటన్న వదల డతడు’ అని చదివేవారున్నారు. గణాలు సరిపోతాయి గాని, అకారానికి వకారానికి యతి చెల్లదు కనుక పండితులు ఒప్పుకోలేదు. ఫోను కంపెనీలు ఒప్పుకొన్నాయి. కొత్త ఫోను తెరవగానే వచ్చే ఆ పొడుగాటి షరతుల కింద మనం చదవకుండా నొక్కేది ఈ పాఠాన్నే.