తొమ్మిది సున్నుండలు

ఆ ఎక్సెల్ షీటు ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో ఉంది. 114 వరసలు. టెంటు మేకుల దగ్గర్నుంచి దోమల కోసం అగరొత్తుల దాకా ఏది ఎవరు తేవాలో, ఏ కారులో ఎక్కించాలో, అన్నీ అందులో రాసుంటాయి. 41వ వరస మీద మాత్రం ఎర్ర గీత. గీత కింద ఉన్న మాట: కుక్కర్.

కొట్టేసింది నేనే. "క్యాంపింగ్‌కి కుక్కరేంటండీ, పెళ్ళివంట చేస్తామా?" అని రాజమండ్రి ఆవిడతో ఎకసెక్కెంగా అన్నాను కూడా. ఆ రాత్రి జరిగిన దానికంతటికీ మొదలు ఆ గీతే. అసలు మొదలు ఇంకోటుంది, అది చెప్పడానికి కాస్త ధైర్యం కూడదీసుకోవాలి.

ఏడేళ్ల కిందటి మాట. శాన్‌హోసే నుంచి మూడు కుటుంబాలం టాహో సరస్సుకి బయల్దేరాం. కడపవాళ్ళు, రాజమండ్రివాళ్ళు, మేము. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే, మూడు రోజుల సెలవు. ఆ వారానికి అక్కడ క్యాంప్‌గ్రౌండులో జాగా దొరకడమంటే మాటలు కాదు. ఆరు నెలల ముందు, పొద్దున్న 8 గంటలకి బుకింగు మొదలవుతుంది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలినప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఇదీ అంతే. పక్కపక్కనే రెండు జాగాలు సంపాదించాను. దాంతో నాయకత్వం నాకే వచ్చింది. వచ్చిందనడం కన్నా నేనే నెత్తికెత్తుకున్నాననడం నిజం. నెల రోజులు ఎలుగుబంట్ల మీద, నిద్రసంచుల మీద వీడియోలు చూసి, అంతకుముందు ఒక్క రాత్రి కూడా టెంటులో పడుకోని నేను అందరికీ పాఠాలు మొదలుపెట్టాను.

శాక్రమెంటోలో ఎండ మాడ్చేస్తోంది. ప్లేసర్‌విల్ దాటి కొండ ఎక్కుతుంటే ఏసీ కట్టేశాం, 7,382 అడుగుల ఎకో సమిట్ దగ్గర పిల్లలకి స్వెటర్లు తొడిగాం. అక్కణ్ణుంచి కిందికి దిగుతుంటే దూరంగా సరస్సు కనిపిస్తుంది. ఆ నీలానికి తెలుగులో సరైన పేరు లేదేమో, నెమలికంఠం దగ్గరికొస్తుంది. సరస్సు లోతు 501 మీటర్లు, అమెరికాలో దీనికన్నా లోతైనది ఆరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. ఈ వివరం కూడా దారంతా నాలుగుసార్లు చెప్పానని మా ఆవిడ అంటుంది. (ఆ దారి ఇప్పుడు అలా లేదు. 2021లో కాల్డర్ మంటలు ఎకో సమిట్ దాటి వచ్చి సౌత్ లేక్ టాహో ఊరంతటినీ ఖాళీ చేయించాయి. ఇప్పుడు వెళ్తే రోడ్డుకి అటూ ఇటూ నల్లటి మోళ్ళు.)

మా జాగా ఎమరాల్డ్ బేకి దగ్గర్లో. పైన్ చెట్లు, ఒక చెక్క బల్ల, నెగళ్ళకి ఇనుప వలయం, దాని పక్కన గోధుమరంగు ఇనుప పెట్టె. అదే బేర్ లాకర్. ఎలుగు పంజా దూరకుండా లోపలికి చెయ్యి పెట్టి తియ్యాల్సిన గొళ్ళెం దానికి. అందర్నీ వరసగా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. తిండి ఒక్కటే కాదు, వాసనొచ్చేది ఏదైనా అందులోకే. టూత్‌పేస్టు, సబ్బు, పెదాలకి రాసుకునేది, పిల్లల తుడుపు కాయితాలు, కొబ్బరినూనె సీసా.

"మరి తలకి రాసుకున్న నూనె?" అన్నాడు రాజమండ్రి ఆయన.

"జోకులొద్దు బావా."

"జోకు కాదు, తల ఎక్కడ పెట్టమంటావో చెప్పు."

ఎలుగు ముక్కు గురించి చెప్పాను. చలికాలం నిద్రకి ముందు, సరిగ్గా ఈ రోజుల్లోనే, అది రోజుకి 20,000 కేలరీల దాకా మేస్తుందని చెప్పాను. కాలిఫోర్నియా జెండా మీదున్నది గ్రిజ్లీ అనీ, ఆ జాతి ఈ రాష్ట్రంలో 1920లలోనే కనుమరుగైందనీ, ఇప్పుడున్నవి నల్ల ఎలుగులైనా వాటిలో చాలా గోధుమరంగులోనే ఉంటాయనీ చెప్పాను. కడపాయన కొడుక్కి అప్పుడు ఆరేళ్ళు. వాడు మా అబ్బాయితో కలిసి మా వ్యానులోనే వచ్చాడు. వాడి జేబులు తడిమి, జిగురుమిఠాయి ఎలుగుబొమ్మల పాకెట్టు ఒకటి లాక్కున్నాను. వాడి కళ్ళనిండా నీళ్ళు. "రూలంటే రూలే నాన్నా" అన్నాను.

అప్పుడు మా వ్యాను వెనకభాగంలో, జాకీ పెట్టే గుంటలో, పాత తువ్వాలు చుట్టిన స్టీలు డబ్బా ఒకటుంది. అందులో పది సున్నుండలు.

ఇదీ అసలు మొదలు.

అమ్మ పంపింది. తెనాలి నుంచి ఎవరో వస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో బతిమాలి పెట్టించింది. పొట్టుతీయని మినుములు దోరగా వేయించి, తిరగట్లో విసిరి, బెల్లం, నెయ్యి. మిక్సీ పట్టిస్తే పిండి వేడెక్కి రుచి మారిపోతుందని ఆవిడ నమ్మకం. "ఇవే ఆఖరు నాన్నా, ఇంక విసరలేను, మోకాళ్ళు సహకరించట్లేదు" అంది ఫోన్లో. వచ్చినవి పాతిక. పదిహేను ఇంట్లో అందరం తిన్నాం. మిగిలిన పదీ దాచేసి, మా ఆవిడతో అయిపోయాయని చెప్పాను. ఇంట్లో ఉంచితే దొరికిపోతానని వ్యానులో పెట్టాను. మూడు కుటుంబాల మధ్యకి తీసుకెళ్తే మనిషికొకటి పంచాల్సొస్తుంది. పంచడం ఇష్టంలేక జాకీ పక్కన పెట్టాను. పెట్టె ముందు నిలబడి ఎలుగు ముక్కు గురించి చెబుతున్నంతసేపూ ఆ డబ్బా గుర్తుంది. మూత బిగువుగానే ఉందిలే అనుకున్నాను.

ఇక పప్పు. సాయంత్రం ఆరింటికి పొయ్యి మీద పెట్టాం. ఆ సీజనులో కట్టెల మంటలు నిషేధం కాబట్టి గ్యాసు పొయ్యే. ఏడైంది, ఎనిమిదైంది. కందిపప్పు బద్దలు బద్దలుగానే నవ్వుతున్నాయి. టాహో ఒడ్డు సముద్రమట్టానికి 1,897 మీటర్లు, తిరుమల కొండకి దాదాపు రెండింతలు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 93, 94 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇంక ఎంత మంట పెట్టినా ఆవిరి పోవడమే తప్ప నీళ్ళ వేడి పెరగదు, పప్పు మెత్తబడదు. కుక్కరైతే మూత బిగించి ఒత్తిడి పెంచి వేడిని వంద దాటిస్తుంది. ఇంజనీరింగులో థర్మోడైనమిక్స్ పేపరు రాసినవాణ్ణి. రాజమండ్రి ఆవిడ పైకేమీ అనలేదు. గరిటెతో ఒక పప్పుబద్ద తీసి వేళ్ళ మధ్య నొక్కి, నాకు చూపించి, మళ్ళీ గిన్నెలో పడేసింది.

అందరి ఆకలీ మరిపించడానికి మార్క్ ట్వేన్ కథ ఎత్తుకున్నాను. 1861లో, ఇంకా ఆ పేరు పెట్టుకోని రోజుల్లో, ఆయనా ఓ మిత్రుడూ ఈ సరస్సు ఒడ్డునే మకాం వేశారు. అడవిలో కొంత భాగం తమదని హక్కు రాయించుకుని కలప మీద డబ్బు చేసుకోవాలని ఆశ. ఓ సాయంత్రం వంటకి నిప్పు రాజేసి, పెనం తేవడానికి పడవ దగ్గరికి వెళ్ళాడు. వెనక్కి తిరిగేసరికి ఎండు పైన్ సూదుల మీద మంట పరుగెడుతోంది. ఇద్దరూ పడవలో కూర్చుని, తమ అడవి తగలబడుతుంటే గంటల తరబడి చూశారు. 1872లో వచ్చిన 'రఫింగ్ ఇట్'లో ఇదంతా తనే రాసుకున్నాడు. "చూశారా, ఎంత తెలివైనవాడికైనా ఒక్క క్షణం అజాగ్రత్త చాలు" అని ముగించాను. ఈ మాట నేనే అన్నాను, ఆ రాత్రే అన్నాను.

ఆవకాయ రాసుకుని బ్రెడ్డు తిన్నాం. పది తరవాత చప్పుడు చెయ్యకూడదని అక్కడి నియమం. అందరూ టెంట్లలోకి దూరారు. చలి అయిదారు డిగ్రీలకి దిగింది. గాలి పరుపు కింద నేల చల్లదనం అలాగే పైకొస్తోంది. పరుపులో ఉన్నదీ గాలే, ఆ గాలీ చల్లబడుతుందన్నది నా 114 వరసల్లో లేదు. అర్ధరాత్రికి కడుపు మెలిపెట్టింది. మా ఆవిడ ఊపిరి విని, నిద్రపోయిందని తేల్చుకుని, టెంటు జిప్పు పంటికి పంటికి ఆగుతూ తెరిచాను.

డిక్కీ తీస్తే కీచుమంటుంది. పక్క తలుపులు తీస్తే గంట కొడతాయి. అందుకని డ్రైవరు వైపు తలుపు తీసి, సీట్ల మధ్యనుంచి వెనక్కి పాక్కుంటూ వెళ్ళాను. నలభై నాలుగేళ్ళ మనిషిని, రెండు స్వెటర్లు, మంకీ క్యాపు, నోట్లో సెల్‌ఫోను లైటు. చీకట్లో, జాకీ పక్కన గొంతుక్కూర్చుని ఒక సున్నుండ తిన్నాను. చలికి నెయ్యి గట్టిపడి ఉంది, నాలుక మీద నెమ్మదిగా కరిగింది. నిజం చెబుతున్నాను, అంత రుచిగా మళ్ళీ ఏదీ తినలేదు. రెండోది తీసి మళ్ళీ పెట్టేశాను. మిగిలినవి తొమ్మిది.

బయటికొచ్చి తలుపు వొత్తాను. తాళం వెయ్యలేదు. బటను నొక్కితే బీప్‌మంటుంది కదా, ఎవరైనా లేస్తారని.

మూడింటికి లేచింది హారను. మొదట పొట్టిగా రెండుసార్లు, తరవాత ఆగకుండా. టార్చిలు వెలిగాయి. మా వ్యాను ఊగుతోంది. అద్దాలు లోపలినుంచి ఆవిరి పట్టి ఉన్నాయి, ఆవిరి వెనక బొచ్చు. టాహో ఎలుగులకి కారు తలుపు పిడి లాగడం తెలుసు. మా వ్యాను ఆపింది ఏటవాలులో. అది లోపలికెక్కాక తలుపు దాని వెనకే మూసుకుపోయింది. లోపలినుంచి తీసుకోవడం దానికి రాదు.

క్యాంప్ హోస్ట్ పెద్దావిడ అందర్నీ దూరం జరిపి రేంజరుకి కబురు పెట్టింది. ఆయనొచ్చి తలుపు పిడికి పొడవాటి తాడు కట్టి, తన బండి వెనక నిలబడి లాగాడు. తలుపు తెరుచుకుంది. ఎలుగు దిగింది, ఒక్కసారి ఒళ్ళు దులుపుకుంది, మావైపు చూడనైనా చూడకుండా చెట్లలోకి వెళ్ళిపోయింది. నాకన్నా మర్యాదగా అనిపించింది.

"లోపల తిండి ఏమైనా ఉందా?" అన్నాడు రేంజరు.

లేదన్నాను.

వ్యాను లోపల చూడాలి. పైకప్పు గుడ్డ వేలాడుతోంది, తలుపుల అట్టలు చీలికలు, సీట్ల స్పాంజి మంచులా పరుచుకుంది. ఆ స్పాంజిలో ఎర్రగా మెరుస్తూ చిన్న కవరు. జిగురుమిఠాయిది. ఖాళీది. ప్లేసర్‌విల్ దగ్గర వాడు తిని కింద పడేయడం అద్దంలో చూశాను, అప్పటికే ఖాళీ అని నాకు తెలుసు. తెలిసే దాన్ని పైకెత్తి రేంజరుకి చూపించాను. ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. వాళ్ళమ్మ చంకలో దుప్పటి చుట్టుకుని ఉన్న పిల్లాడు ఆ కవరు చూశాడు, నన్ను చూశాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేనే పిలిచాను, ఎలుగుని నేనే పిలిచాను" అంటున్నాడు ఇంగ్లీషులో. నేను వెళ్ళి వాడి తల నిమిరి "పర్లేదు నాన్నా" అన్నాను. పెద్ద మనసుతో!

తెల్లారాక మా ఆవిడ చెట్లవైపు వెళ్ళి, కొంగులో ఏదో చుట్టుకుని వచ్చింది. తిరుగుప్రయాణంలో, కడపాయన కారు వెనక సీట్లో, పిల్లలు నిద్రపోయాక, చెవి దగ్గర అడిగింది.

"ఎన్ని ఉన్నాయి?"

"తొమ్మిది."

"అయిపోయాయన్నారుగా."

నా దగ్గర జవాబు లేదు. ఆవిడా ఇంకేం అడగలేదు, ఇప్పటిదాకా.

ఇన్సూరెన్సులో జంతువులు చేసిన నష్టం ఉంది, బతికిపోయాం. మా వాటా 500 డాలర్లు. కడపాయన ఇంటికొచ్చి, మావాడి వల్లే కదా అని 250 బల్ల మీద పెట్టాడు. వద్దన్నాను. రెండోసారి వద్దన్నాను. మూడోసారి తీసుకున్నాను.

మొన్న వేసవిలో మళ్ళీ అవే మూడు కుటుంబాలం, టాహోకే. ఆ పిల్లాడికి పదమూడేళ్ళు, నా భుజం దాటాడు. బేర్ లాకర్ బాధ్యత వాడిదే, ఎవరూ అప్పజెప్పలేదు. ప్రతి బ్యాగూ తెరిపించాడు, పెదాలకి రాసుకునే ఛాప్‌స్టిక్కులు కూడా వాసన చూశాడు. నా దగ్గరికొచ్చి, "అంకుల్, మీ దగ్గరేమైనా ఉందా? ఒకసారి చూసుకోండి, చిన్నప్పుడు నేను చేసినట్టు చెయ్యకండి" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. నేను జేబులు తిరగేసి చూపించాను.

అమ్మ ఇప్పుడు లేదు. ఎలుగు పళ్ళ సొట్టలు పడిన స్టీలు డబ్బా మా వంటింట్లో ఉంది, మా ఆవిడ అందులో ఆవాలు పోస్తుంది. పోపు పెట్టిన ప్రతిసారీ తీస్తుంది.

ఆ కుర్రాడికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అందుకే ఇది తెలుగులో రాశాను. వాళ్ళ నాన్న మాత్రం ఏ పత్రికా వదలడు. ఆయన కోసం 250 డాలర్లు కవర్లో పెట్టి, డబ్బాలో ఆవాల మీద ఉంచాను.