నేను, వక్కాకు సంచిని

నన్ను కుట్టింది ఇప్పుడు నన్ను మోస్తున్న ఆమె కాదు, ఆమె అత్త. లోపల పాత పంచె ముక్క, పైన రవిక గుడ్డ, మొత్తం నాలుగు అరలు. ఆకులకొకటి, వక్కలకొకటి, సున్నపు డబ్బీకొకటి, అన్నిటికన్నా లోపలిది డబ్బుకు. రెండు దారాలూ లాగితే నోరు ముడుచుకుంటాను. ముసలామె మంచం పట్టాక బీగాలగుత్తితో పాటు నన్నూ కోడలి చేతిలో పెట్టింది. అప్పటినుంచి కోడలి రొంటినే నా కాపురం. ఆమె పేరు చెప్పను. ఆయన "ఏమ్మే" అంటాడు, ఆమె "ఏందయ్యా" అంటుంది, అంతకుమించి పేర్లు వాడుకోవడం నేను వినలేదు.

మాది మార్కాపురం. 1970లో కొత్త జిల్లా కట్టేదాకా మా వైపంతా కర్నూలు జిల్లానే. మా మాటలో ఇంకా సీమ యాస పోలేదు. ముసలామె పెనిమిటి పలకల కార్ఖానాలో చట్రాలు బిగించేవాడు. ఎక్కడెక్కడి బడులకో మార్కాపురం పలకలు పోయే కాలం అది. ఆ కూలిడబ్బులు నా లోపలి అరలో రాతిదుమ్ముతో సహా పడేవి. తర్వాత నోటుపుస్తకాలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి. ఇప్పుడు అదే రాయిని గోడలకూ నేలలకూ బిళ్ళలుగా కోసి పరదేశాలకు పంపుతున్నారు. కొడుకు మాత్రం రాయి జోలికి పోకుండా సిమెంటు కొట్టు పెట్టుకున్నాడు. ఊరిబయట నాలుగెకరాలుంది. ఆ నాలుగెకరాల కోసం నన్ను మూడుసార్లు అడుగంటా దులిపారు. ఆ సంగతి తర్వాత.

కిందటేడు సిమెంటు కంపెనీవాళ్ళు టార్గెట్ దాటిన డీలర్లను జంటగా గోవా పంపిస్తామన్నారు. మూడు రాత్రులు. రానుపోనూ రైలు, హోటలు, ఒక సాయంత్రం కేసినో ఓడ, అన్నీ వాళ్ళవే. ఆమె ముందు రానంది. కొట్టు ఎవరు చూస్తారంది, మనవరాలు ఎవరి దగ్గర పడుకుంటుందంది. చివరికి అయిదువేలు తెచ్చి నా లోపలి అరలో మడిచిపెట్టి, దారం రెండుచుట్లు చుట్టి ముడి వేసింది. ఆ ముడిని బట్టే ఆమెకు ప్రయాణం మీద ఎంత నమ్మకముందో తెలిసింది నాకు.

రాత్రిపూట మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. హౌరా నుంచి వాస్కో దాకా పోయే బండి. గిద్దలూరులో ఇంకో రెండు జంటలు ఎక్కాయి. దిగువమెట్ట దాటి నల్లమలలోకి పోయి బొగడ సొరంగంలో దూరగానే చక్రాల చప్పుడు మారింది. ఆమెకు మెలకువ వచ్చి ముందు తడుముకున్నది మెడలో తాళిని కాదు, తలకింది నన్ను. కింది బెర్తు మీద మగవాళ్ళు పదమూడు ముక్కల రమ్మీ వేస్తున్నారు, పైసలు పెట్టకుండానే. "రమ్మీ తెలివితో ఆడే ఆటని సుప్రీంకోర్టే చెప్పింది, అదీ మన ఆంధ్రా కేసులోనే" అన్నాడొకాయన. ఆ మాట నిజమే, 1967 నాటి తీర్పది. మూడు ముక్కలాటకు ఆ గౌరవం దక్కలేదని మాత్రం ఆయన చెప్పలేదు. మర్నాడు పగలు దూద్‌సాగర్ జలపాతం వచ్చింది. కొండమీంచి అంత నీళ్ళు ఊరికే దూకుతుంటే, "ఏమ్మే, దీంట్లో నాలుగో వంతు మన దిక్కుకు మళ్ళిచ్చినా సాలు" అన్నాడాయన. వెలిగొండ సొరంగాల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఊళ్ళవాడు నీళ్ళు చూసి ఇంకేమంటాడు!

పణజిలో మాండవి నది మీద దీపాలు చుట్టుకున్న ఓడలు నిలబడి ఉన్నాయి. గోవాలో జూద చట్టం 1976ది. 1992లో దాన్ని సవరించి పెద్ద హోటళ్ళలో జూదం యంత్రాలకు దారిచ్చారు, 1996లో ఓడల్లో బల్లల ఆటలకూ ఇచ్చారు. రేవు దగ్గర మమ్మల్ని దింపిన టాక్సీ అబ్బాయి నవ్వి, తమకు లోపలికి ప్రవేశం లేదన్నాడు. 2020 ఫిబ్రవరి నుంచి గోవావాళ్ళను కేసినోల్లోకి రానివ్వడం లేదు. "ఇంటోళ్ళు తినని కూర మనకొడ్డిస్తున్నారా" అంది ఆమె. ఆయన వినిపించుకోలేదు. చెప్పులతో రాకూడదన్నారని, అరువు బూట్లలో పాదాలు ఇరికించుకునే పనిలో ఉన్నాడు.

చిన్న పడవ మమ్మల్ని ఓడ దగ్గరికి చేర్చింది. బ్యాగులన్నీ కౌంటరు దగ్గర పెట్టించారు. నన్నెవరూ అడగలేదు. చీరకుచ్చెళ్ళ పక్కన దోపుకున్న గుడ్డసంచిని సంచీ అని ఆ ఊళ్ళో ఎవరనుకుంటారు?

లోపల చలి. గోడలకు గడియారం లేదు, కిటికీ తెర తీసి లేదు. టిక్కెట్టుతో పాటు కొన్ని బిళ్ళలు చేతికిచ్చి, "ఇవి ఓటీపీ" అన్నారు. ఆమె గభాల్న ఆయన చెవిలో, "ఓటీపీ ఎవురికీ చెప్పగూడదంటారు గదయ్యా, ఈళ్ళేంది చేతికిస్తాండారు?" అంది. ఒక్కసారి ఆడుకోవడానికే పనికొచ్చే బిళ్ళలట. వాటిని డబ్బు చేసుకోలేం. గెలిస్తే వచ్చేవే అసలు బిళ్ళలు.

ఆ ఓటీపీలు ఒక్కటి తప్ప అన్నీ రౌలెట్ చక్రం మింగింది. నేను డబ్బుసంచిని కాబట్టి లెక్క చెప్తాను. సున్నా నుంచి 36 దాకా 37 గళ్ళు. ఒక గడి మీద నూరు పెట్టి గెలిస్తే 3,500 ఇచ్చి, పెట్టిన నూరు వెనక్కిస్తారు. అన్ని గళ్ళ మీదా తలా నూరు పెట్టావనుకో, 3,700 పోసి 3,600 ఎత్తుకుంటావు. ఆ ఒక్క సున్నాతోనే ఇన్ని దీపాలు వెలుగుతున్నాయన్నమాట.

"ఒక వెయ్యి ఇయ్యమ్మే" అన్నాడాయన. ముడి విప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. రెండు అయిదువందల నోట్లు తీసింది. ఒకదాని అంచున సున్నం మరక, డబ్బీ మూత సరిగ్గా పట్టక అంటుకున్నది. కౌంటరులో అమ్మాయి దాన్ని లైటు కింద పెట్టి చూసింది, గోటితో గీకింది, వాసన చూసింది. ఆకువక్క వాసనకు ఆమె ముక్కు కదిలింది. చిన్నగా నవ్వి, బిళ్ళలు తోసింది. ఆ పిల్ల ఇంట్లో కూడా ఎవరో అవ్వ ఉండే ఉంటుంది.

ఈసారి ఆయన ఇంకో బల్ల దగ్గరికి పోయాడు. ఆమె రెండు నిమిషాలు చూసి నోటిమీద చెయ్యేసుకుంది. "ఇది మన లోనా బయటా గదయ్యా!" నిజమే. మధ్యలో ఒక ముక్క తెరిచి, అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోతే, దాని జత ఏ పక్క పడితే ఆ పక్కది గెలుపు. మా వైపు చింతచెట్ల కింద ఇది ఆడేవాళ్ళను పత్రికలు పేకాట రాయుళ్ళు అంటాయి. 1974 నాటి గేమింగ్ చట్టం కింద పట్టుకుని, నగదూ మోటారు సైకిళ్ళూ వరసగా పెట్టి, ముఖాలకు తుండుగుడ్డలు కప్పుకున్న మనుషుల్ని ఫొటో తీయిస్తారు. ఇక్కడ అదే ఆటకు టై కట్టుకున్న కుర్రాడు వంగి నమస్కారం పెడుతున్నాడు. చింతచెట్టు కింద పైకాలు సమానం. ఇక్కడి పద్ధతి వేరు. మొదటి ముక్క పడే పక్క నూటికి 51 సార్ల పైన గెలుస్తుంది కాబట్టి, ఆ పక్క గెలిస్తే నూరుకు తొంభయ్యే ఇస్తారు.

మొదట గెలిచాడు. ముందున్న బిళ్ళలు మూడింతలయ్యాయి. బూట్లు కరుస్తున్న సంగతి కూడా మరిచిపోయాడు. తర్వాత అవన్నీ వచ్చిన దారినే పోయాయి. రెండోసారి ఇంకో వెయ్యి తీసుకున్నాడు, అదీ పోయింది. మూడోసారి చెయ్యి చాచాడు. ఈసారి చూపు ముక్కల మీదా లేదు, ఆమె మీదా లేదు, నా మీద ఉంది.

"మూడో బోరుకు గూడా ఇట్లనే అడిగితివి" అంది ఆమె.

ఎవరికీ వినబడనంత మెల్లగా అంది. నాకు వినపడింది. మొదటి బోరు 650 అడుగులు. రెండోది 820. మూడోదానికి ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఒకాయన చేనంతా తిరిగాడు, ఒకచోట కాయ నిక్కి నిలబడింది. అక్కడ వెయ్యి అడుగులు వేయించారు. రాత్రంతా బండి రొద. తెల్లారేసరికి కందిచేను మీద, ఆయన తలమీద, పక్కన నిలబడ్డ ఆమె మీద, నా మీద తెల్లగా రాతిదుమ్ము. తడి లేదు. ఆ దుమ్ము నా కుట్లలో ఇంకా ఉంది. అప్పుడు ఆమె చేతిగాజులు కూడా నా లోపలి అరలోంచే తాకట్టు కొట్టుకు పోయాయి.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీలోంచి లేచి, "బువ్వ తిందాం పా" అన్నాడు.

భోజనాల దగ్గర చేతిలో ఇంకా ఒక ఓటీపీ మిగిలి ఉందని గుర్తొచ్చింది. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. వచ్చేదారిలో 'బయట' మీద పెట్టింది. బయటే పడింది. చేతిలోకి అసలైన నూరు రూపాయల బిళ్ళ ఒకటి వచ్చింది. కౌంటరులో ఇస్తే నూరిస్తారని ఆయన చెప్పాడు. ఆమె వినకుండా దాన్ని నా రెండో అరలో, వక్కల మధ్య వేసి ముడి బిగించింది. ఎందుకని ఆయనా అడగలేదు.

ఇంటికొచ్చాక మనవరాలు వక్కపలుకు కోసం నన్ను వెతికి బిళ్ళ బయటికి లాగింది. ఎర్రగా అంచుల్లో చారలతో ముద్దుగా ఉందని తొక్కుడుబిళ్ళ ఆటకు పట్టుకుపోయింది. వాకిట్లో గళ్ళు గీసి విసిరితే నిలవలేదు, జారిపోయి గీత దాటింది. ఇంకోసారి విసిరింది, అంతే. తెచ్చి అవ్వ ఒళ్ళో పడేసి, గోడవార పగిలిన పలకముక్క ఏరుకుని పరుగెత్తింది.